పీపాలకు చెప్పిన మాట

మా ఆయన బతికుండగానే ఆయన చావు కబురు నేను చెప్పేశాను. మనుషులకి కాదు, పీపాలకి. మనుషులకి చెప్పినా బావుండేది, వాళ్ళకి తరవాత సర్దిచెప్పుకోవచ్చు.

జర్మనీలో, మోసెల్ నది వంపులో, నల్ల పలకరాయి కొండ కింద మా ఊరు. కొండంతా ద్రాక్షతోటలే. ఆ తోటల్లో ఎక్కడ నిలబడ్డా ఒక కాలు రెండో కాలికంటే ఎత్తులో ఉంటుంది, అంత నిటారు. ఇక్కడ ఇంటి యజమాని పోతే, పూడ్చిపెట్టేలోగా ఎవరో ఒకరు నేలమాళిగలోకి దిగి, ఒక్కో పీపానీ కొయ్యసుత్తితో మూడుసార్లు తట్టి ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే లోపలున్న వైన్ యజమాని కోసం ఎదురుచూసి ఎదురుచూసి చెడిపోతుంది. మా మామగారు పోయినప్పుడు అత్తగారు చెప్పింది. ఆవిడ అత్తగారూ అలాగే చెప్పిందట. ఈ కాలం వాళ్ళు నవ్వుతారు గానీ, తమ ఇంట్లో చావొస్తే వాళ్ళూ సుత్తి ఎక్కడుందని వెతుక్కుంటారు.

పోయిన ఏడాది మార్చిలో మా ఆయన అల్విన్ తోటలో కొమ్మలు కత్తిరిస్తూ కాలు జారి, తోట మెట్లకి కట్టిన రాతిగోడలు రెండు దాటి కిందకి పడ్డాడు. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫోన్ వచ్చింది. గుండె ఆగిపోయిందన్నారు. అవతలి మనిషి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను వినలేదు. నా తత్వమే అంత. ఏదైనా సగం విని పరిగెడతాను. పెళ్ళిలో ఫాదర్ ప్రశ్న పూర్తి చేయకముందే "ఊఁ, ఇష్టమే" అన్నానని ఊళ్ళో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఫోన్ పెట్టేసి, కంట తడి కూడా పెట్టకుండా, తిన్నగా నేలమాళిగలోకి దిగాను.

మూడు పీపాలు. ఒక్కోటీ నా భుజాల ఎత్తు. తట్టాను. "అల్విన్ పోయాడు. మీ యజమాని పోయాడు. ఇకనుంచి మీకు నేనే దిక్కు" అన్నాను. మూడింటికీ అదే మాట చెప్పాను. అప్పటిదాకా పీపాల్లో వైన్ ఇంకా సన్నగా గుడగుడమంటూనే ఉంది. నేను చెప్పడం పూర్తవగానే ఆ చప్పుడు మూడింటిలోనూ ఒక్కసారే ఆగిపోయింది.

తొమ్మిదింటికి మళ్ళీ ఫోన్. గుండె మళ్ళీ కొట్టుకుంటోందట. వంటింటి గచ్చు మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. పీపాల సంగతి ఎవరితోనూ అనలేదు. మనిషి బతికొస్తుంటే ఇక అనడానికేముంది అనుకున్నాను.

ఆరు వారాలకి ఆయన ఇంటికొచ్చాడు. రొట్టెల కొట్టులో ఆవిడ ఆయన్ని దాటేసి వెనకున్నవాళ్ళని "మీకేం కావాలండీ?" అని అడిగినప్పుడు నేను నవ్వాను. శుక్రవారం పేకాటలో ముప్ఫై ఏళ్ళుగా ఆయన కూర్చునే కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారని తెలిస్తే, నాలుగు తిట్టి ఊరుకున్నాను. జూన్‌లో ఒకరోజు ఆయన తను చేసిన వైన్ తాగబోయి, గ్లాసు కింద పెట్టి, "రోస్వీ, ఇది నీళ్ళలా ఉందే" అన్నాడు. నేను తీసుకుని తాగాను. అమృతంలా ఉంది. జన్మంతా నాలుకని నమ్ముకుని బతికిన మనిషి, ఆ సాయంత్రం కిటికీలోంచి కొండని చూస్తూ కూర్చున్నాడు. నాకు మొదటిసారి భయం వేసింది.

ఏటా అక్టోబరు రెండో శనివారం మా కొండ నడక. ఊరివాళ్ళూ, కొలోన్ పట్నం నుంచి వచ్చేవాళ్ళూ కలిసి ఇరవైమందిమి, మెడలో తోలుసంచిలో గ్లాసు వేలాడేసుకుని, తోటల మధ్య బాటన పైకి నడుస్తాం. దారిలో ఆరుచోట్ల ఆగుతాం, చోటికో ఇంటివాళ్ళు తమ వైన్ పోస్తారు. ఆరోది, కొండ కొసనున్నది, మాది. ముందు నడిచేది ఎప్పుడూ అల్విన్. ఆ పొద్దున్న కూడా ఆయనే ముందు నడిచాడు, కానీ ఆయన వెనక ఎవరూ కదల్లేదు. "దారి చూపించేవాళ్ళెవరూ రాలేదా?" అని ఎవరో అడిగారు. చివరికి నేను ముందుకెళ్తే అందరూ కదిలారు. నదిలోంచి లేచిన పొగమంచు మాతోపాటే మెట్లెక్కుతోంది.

మొదటిచోట పోసేది లుడ్గర్, మా పక్కింటివాడు. నోటి దురుసు మనిషి. "కొలోన్ వాళ్ళు అలవాటు కొద్దీ బీరులా గటగటా తాగేయకండి. ఇక్కణ్ణుంచి నదిలోకి జారితే మళ్ళీ మీ ఊళ్ళోనే తేలతారు" అని నవ్విస్తూ వరసగా పోసుకుంటూ వచ్చాడు. నాకు పోశాడు. అల్విన్‌ని వదిలేసి ఆయన పక్కవాడికి పోశాడు.

"ఒరేయ్ లుడ్గర్, నా గ్లాసేం పాపం చేసింది?" అన్నాడు అల్విన్.

లుడ్గర్ చెవిలో ఈగ దూరినట్టు తల విదిలించాడు. అల్విన్ మళ్ళీ పిలిచాడు. అప్పుడు చూసి ఉలిక్కిపడ్డాడు. "అరె, నువ్వెప్పుడొచ్చావురా?"

రెండోచోట మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. సీసా పట్టుకున్న అక్కచెల్లెళ్ళు పొగమంచు వైపు చూసి మర్యాదగా నవ్వి, సీసాకి బిరడా పెట్టేశారు. మూడోచోట ఆయన పిలవనే లేదు. బాట పక్కన నిలబడ్డాడు. కొలోన్ ఆవిడొకామె బూటులో రాయి తీసుకోవడానికి ఒంటికాలి మీద నిలబడి ఆయన భుజం పట్టుకుంది, తోటలో గుంజని పట్టుకున్నట్టు. రాయి దులిపి, బూటు తొడుక్కుని, "ఇక్కడేంటో మరీ చల్లగా ఉంది" అని వెళ్ళిపోయింది. ఆయన అంతసేపూ కదల్లేదు.

"రోస్వీ, నేను ఆస్పత్రి నుంచి నిజంగా వచ్చానా?" అని అడిగాడు.

"పిచ్చి వాగుడు వాగకు" అని కసిరాను. నా గ్లాసులో సగం ఆయన గ్లాసులో ఒంపాను. పడ్డ వైన్ పడ్డట్టే మాయమైంది, ఇసకలో పోసినట్టు. గ్లాసు అడుగు పొడిగా ఉంది. ఆయన చూశాడు, నేనూ చూశాను.

నాలుగోచోట చిన్న గుడి ఉంది. దాని ముందు బల్ల మీద కూర్చుని థెక్లా పిన్ని ఉల్లిపాయ రొట్టె ముక్కలు పెడుతుంది. అల్విన్ వాళ్ళమ్మకి ఆఖరి చెల్లెలు, తొంభై ఒక్క ఏళ్ళు. దూరం నుంచే కేకేసింది.

"ఒరే అల్విన్! అట్లా చిక్కిపోయావేంట్రా? మీ ఆవిడ తిండి పెట్టడం లేదా? రా, కూర్చో."

నాకు ఏడుపు ఆగలేదు. పొద్దున్నుంచి ఆయన్ని పేరుపెట్టి పిలిచిన మొదటి మనిషి. ఆయన రొట్టె తీసుకుని గుడి వెనక్కి వెళ్ళి కూర్చున్నాక, పిన్ని నా మణికట్టు పట్టుకుంది. ముసలిదే గానీ పట్టు గట్టిది.

"పీపాలకి చెప్పింది ఎవరే?"

"నేనే పిన్నీ. ఫోన్ వచ్చింది..."

"సగం విని పరిగెత్తావు."

"ఊఁ."

"ఈ కొండ మీద తీగలన్నీ ఒకే రాతిలోంచి తాగుతాయి. ఒక పీపాకి చెబితే కొండంతటికీ చెప్పినట్టే. ఆ వైన్ తాగినవాళ్ళందరికీ వాడు పోయినట్టే. నేను చుక్క ముట్టి అరవయ్యేళ్ళయింది కాబట్టి నాకు కనిపిస్తున్నాడు."

"నేను తాగుతాను కదా? నాకు కనిపిస్తున్నాడుగా?"

"అబద్ధం నీది కాబట్టి. ఎన్నాళ్ళు కనిపిస్తాడో చూసుకో."

ఆ పొద్దున్న నేను కాఫీ పెట్టి, బల్ల మీద ఒక్క కప్పే తెచ్చి పెట్టాను. తాగడం అయిపోయాక గానీ రెండోది గుర్తు రాలేదు. మతిమరుపు అనుకున్నాను.

"చెప్పింది వెనక్కి తీసుకుంటాను పిన్నీ. తప్పయింది అంటాను."

"ఒక చావు విన్నాయి అవి. తప్పయిందంటే ఊరుకోవు, ఒక చావు వాటికి ఉండాల్సిందే." అని ఆగి, నా మొహం చూసి, గబగబా అంది. "ఏమే పిల్లా, నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. కాసేపు ఆగు. పూర్తిగా విను, ఈ ఒక్కసారైనా."

నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

అడ్డదారిన, తీగల మధ్య నుంచి, జారే పలకల మీద పడుతూ లేస్తూ ఇంటికి చేరాను. నేలమాళిగలో మధ్యాహ్నం కూడా దీపం కావాలి. దీపం పెట్టాను, సుత్తి తీశాను. పీపాల్లో ఏ చప్పుడూ లేదు. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది. నాకు భయం వేసింది, ఆ సంగతి దాచుకోను. చావంటే భయం కాదు. రేపు పొద్దున్న మా ఇంట్లో మళ్ళీ ఒక్క కప్పే ఉంటుందని భయం.

మొదటి పీపాని మూడుసార్లు తట్టాను. "నేను చెప్పింది తప్పు. పోయింది అల్విన్ కాదు. పోయింది రోస్వితా. మీ యజమాని అల్విన్."

రెండోదానికి చెప్పాను. మూడోదాన్ని తట్టబోతే, నా సుత్తి తగలకముందే లోపలి నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది. అయినా చెప్పాను. వెంటనే మూడింటిలోనూ గుడగుడ మొదలైంది, గిన్నెలో పాలు మరుగుతున్నట్టు హాయిగా.

నేను కొండ కొసకి ఎక్కేసరికి అక్కడ పెద్ద గోల. మా బల్ల దగ్గర అల్విన్ చుట్టూ అందరూ మూగారు. లుడ్గర్ ఆయన వీపు మీద చరుస్తున్నాడు. "ఎక్కడ చచ్చావురా పొద్దున్నుంచీ? దారి చూపించేవాడు లేక మేకల్లా తిరిగాం!" అల్విన్ నవ్వుతున్నాడు. గ్లాసు పైకెత్తి తాగాడు. నోట్లో తిప్పుకున్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"రోస్వీ! తెలుస్తోందే! రాయి తెలుస్తోంది, పోయిన వేసవి ఎండ తెలుస్తోంది" అంటూ నా వైపు వచ్చి, తన గ్లాసు నా గ్లాసులోకి ఒంపాడు.

వైన్ పడ్డట్టే ఇంకిపోయింది.

ఆయన నా గ్లాసుని తిరగేసి చూశాడు. పొడిగా ఉంది. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కానీ రంగు పోయింది.

"ఏం చేశావే?"

"నీకు రుచి తెలుస్తోందిగా. అది చాలు నాకు" అన్నాను. చాలదని తెలుసు. ఆయనకీ తెలుసు.

పిన్నిని అడిగి ఆయన సంగతంతా తెలుసుకున్నాడు. నేను కనబడకుండా పోకూడదని, తాగడం మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. మూడు వారాలు మానేశాడు కూడా. కొత్త వైన్‌ని వాసన చూసి, రంగు చూసి, నేలమాళిగలో గుడ్డివాడిలా తడుముకున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. "రుచి చూడు. చూడకపోతే నేను చేసిందంతా దేనికి?" అని నేనే పోట్లాడాను. అప్పట్నుంచి రుచి చూసి ఉమ్మేస్తాడు, ఒక్క చుక్క మింగడు. కానీ ఉమ్మేసినా నాలుక మీద కొంచెం మిగులుతుంది. నన్ను చెరిపెయ్యడానికి ఆ కొంచెం చాలు.

పిన్ని ఫిబ్రవరిలో పోయింది. ఇప్పుడు రొట్టెల కొట్టులో నన్ను ఎవరూ ఏమీ అడగరు. పెళ్ళిలో నేను తొందరపడ్డ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళూ లేరు. తిక్కరేగి లుడ్గర్‌ని మొహం మీదే తిట్టి చూశాను, వాడు కిటికీ మూశాడు. ఇంట్లో మాత్రం అల్విన్ రోజూ రెండు కప్పులు పెడతాడు. నాతోనే మాట్లాడతాడు, నాతోనే పోట్లాడతాడు.

మొన్న రెండో శనివారం మళ్ళీ కొండ నడక. అల్విన్ మెడలో రెండు గ్లాసులు వేలాడేసుకుని ముందు నడిచాడు, నేను పక్కన నడిచాను. చోటుచోటునా రెండు గ్లాసులూ చాపాడు, రుచి చూశాడు, ఉమ్మేశాడు. "మా వైన్ అంత చేదుగా ఉందేంట్రా? పైగా రెండు గ్లాసులు!" అని అందరూ ఏడిపించారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కొండ కొసకి వెళ్ళేముందు మెట్లు బాగా అరిగిపోయి ఉంటాయి. అక్కడ ఆయన ఆగి, కుడి వైపు తిరిగి, చెయ్యి చాపి, "జాగ్రత్త రోస్వీ, ఇక్కడ రాయి కదులుతోంది" అన్నాడు.

నేను ఎడమ వైపున్నాను. గబగబా ఆయన వెనక నుంచి కుడి వైపుకి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుని, కదిలే రాయి మీద మెల్లిగా కాలు పెట్టాను.