దక్షిణం రాయని కాగితం

మూడు గవ్వలు ఒకదాని తర్వాత ఒకటి విసరడం, పడిన తీరును బట్టి దిక్కు రాయడం. వారం రోజులు నాకదే పని. దుర్గిలో నలభై ఏళ్లు శిల్పాలు చెక్కిన చేయి ఖాళీగా ఉండదని మా మనవరాలు యమున అప్పగించింది.

యమున గుంటూరులో పరిశోధన చేస్తోంది. రాతిదుమ్ము ఎవరి ఊపిరితిత్తులను ఎప్పటికి పాడుచేస్తుందో ముందే చెప్పే లెక్క అది. దానికి క్వాంటం కంప్యూటర్ కావాలి. అది ఎక్కడో పరాయి కంపెనీ దగ్గర ఉంది. లెక్క వాళ్ల యంత్రంలోనే జరగాలి, అది ఏం లెక్కో, ఎవరిదో వాళ్లకు తెలియకూడదు. అందుకని ప్రతి అడుగునూ ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకు తిప్పి పంపాలి. ఏ దిక్కుకు తిప్పామో రాసిన కాగితం మన దగ్గరే ఉంటుంది. కంప్యూటర్ వేసే అంకెలను యమున నమ్మదు. అందుకే గవ్వలు.

ఆ లెక్క కోసం, నా మాట మీద, రాళ్లు పిండిచేసే క్రషర్‌లో పనిచేసే ముప్పైఒక్క మంది రక్తం ఇచ్చారు. నాతో ముప్పైరెండు. జబ్బుందని తెలిస్తే క్రషర్‌లో పని పోతుంది. "నువ్వు చెప్తన్నావు గాబట్టి ఇస్తన్నా మామా" అని బక్కయ్య అందరికంటే ముందు చేయి చాపాడు.

ఆ పొద్దున యమున అరుగు మీద కూర్చుని లెక్క పంపుతోంది. ఉన్నట్టుండి నా కాగితం తిరగేసింది.

"తాతా, ఇందులో దక్షిణం ఏదీ?"

"లేదు."

"ఒక్కసారన్నా పడలా?"

"పడింది. మూడూ బోర్లా పడితే దక్షిణమేగా. యముడి దిక్కు. జబ్బు మనుషుల కాడ ఎట్టా రాస్తానే? మళ్లీ ఏశా."

యమున ఏదో నొక్కి ఆపేసింది.

"ఎనిమిదీ సమానంగా పడాల తాతా. ఒక దిక్కు అసలు రాదని పసిగడితే ఆ కంపెనీవాళ్లు లోపలి పేర్లూ జబ్బులూ తవ్వుకోవచ్చు, ఎవరికన్నా అమ్ముకోవచ్చు."

"ఎంతమందిది పోయింది?"

"పదహారు మందిది."

"ఎనక్కి రాదా?"

"రాదు. వాళ్లు చూశారో లేదో తెలీదు. చూడలేదని మాత్రం నేను చెప్పలేను." కాగితం మడిచి, "ఎవరికీ చెప్పబాకు. ఊరికే బెదురుతారు" అంది.

రక్తం ఇచ్చిన వరుసలోనే లెక్క పోయింది. బక్కయ్యది మొదటిది. నాది చివరిది, పోలేదు. నాది కూడా పోయుంటే నోరు మూసుకునేవాణ్ణేమో.

మధ్యాహ్నం అన్నాల వేళ క్రషర్ దగ్గరికి వెళ్లాను.

"ఏంది మామా, ఇంత ఎండలో? మా ఓనరు చూశాడంటే నీ చేతికీ సుత్తి ఇస్తాడు!" బక్కయ్య నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

పక్కకు తీసుకెళ్లి చెప్పాను. మూడు మాటల్లో అయిపోయింది.

అతను ఆఫీసు గది వైపు చూశాడు. అక్కడ ఓనరు ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఆయనకి తెలిసిందా?"

"తెలీదు."

"ఎప్పుడు తెలుస్తది?"

"అదీ తెలీదు."

"మరి నన్నేం జెయ్యమంటావు? ఇయ్యాలే మానుకోనా, ఆయన పీకిందాకా ఆగనా?"

మిషన్ మోగింది. బక్కయ్య తువ్వాలు ముక్కుకు బిగించుకుని దుమ్ములోకి వెళ్లిపోయాడు.

చెప్పాల్సినవాళ్లు ఇంకా పదిహేను మంది ఉన్నారు. గేటు దగ్గరే కూర్చున్నాను.