చేత్తో పిండిన పొదుపు

ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి టబ్బుల్లో నానబెట్టాను. మా మంచాల మీదవి, అత్తగారి గదిలోవి, చుట్టాలొస్తే వేద్దామని బీరువాలో దాచినవి కూడా. వాటి మీద మా ఆయన జీన్స్ ప్యాంట్లు, హాల్లో మందపాటి కర్టెన్లు. అవి నీళ్ళు పీల్చుకుని బండరాళ్ళలా బరువెక్కాక చేతులు తుడుచుకుని, బాల్కనీలో టబ్బుల పక్కన ఒక చిన్న స్టూలు వేశాను. ఆ స్టూలు నాకు కాదు.

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ లేక కాదు. ఉంది. దాని మీద ఇప్పుడు పాత పేపర్లు పెట్టుకుంటున్నాం. ఒకసారి కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని మా ఆయన దాని ప్లగ్గు పీకేశాడు. "ఇద్దరు ఆడవాళ్ళున్న ఇంట్లో మెషిన్ దేనికి?" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి మిగిలింది నేను. ఆ తర్వాత మిక్సీ వంతు వచ్చింది, ఆ తర్వాత వంటింట్లో ఫ్యాను. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడి చల్లదనమంతా బయటికి పోతోంది, మార్పిద్దామండీ అంటే, "నువ్వు తలుపు సరిగ్గా వేస్తే చాలు" అన్నాడు. ఆయన గదిలో ఏసీ మాత్రం దుప్పటి కప్పుకోవాల్సినంత చల్లగా తిరుగుతూనే ఉంటుంది. "బుర్రతో పని చేసేవాడికి నిద్ర ముఖ్యం" అంటుంది అత్తగారు. నాకూ ఉద్యోగం ఉంది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే అద్దం పగులుతుంది. దుప్పట్లు పిండీ పిండీ మణికట్టు వాచిపోయి ఈ మధ్య వరసగా పగలగొడుతున్నాను. మెలితిప్పే పని ఏదీ చెయ్యొద్దన్నాడు డాక్టరు. "ఇంకొక్కటి పగిలితే మీ సీట్లో వేరేవాళ్ళని పెట్టుకుంటాను, ఏమీ అనుకోకండమ్మా" అన్నాడు షాపు ఓనరు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ మీంచి కళ్ళు తియ్యకుండా, "పిండటం చేతికి ఎక్సర్‌సైజేగా" అన్నాడు.

అంతవరకూ భరించాను. పోయిన వారం అపార్ట్‌మెంట్ మీటింగు జరిగింది. నిరుటికన్నా కరెంటు వాడకం బాగా తగ్గించిన ఇంటికి బహుమతి ఇస్తామని కరెంటు ఆఫీసువాళ్ళు ప్రకటించారు. మా బిల్లే అందరికన్నా ఎక్కువ తగ్గింది. పైగా మా ఆయన సెక్రటరీ పదవికి నిలబడుతున్నాడు. మైకు చేతికి రాగానే, "మా ఇంట్లో మెషిన్ ముట్టుకోం సార్! దుప్పట్లు కూడా నా చేతులతో నేనే ఉతుకుతాను. భార్యకి సాయం చెయ్యడం నాకు నామోషీ కాదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. పక్కనున్నావిడ నా భుజం తట్టి, "అదృష్టవంతురాలివి" అంది. నా కుడిచెయ్యి కట్టు కట్టుకుని ఒళ్ళో పడుంది. అక్కడే నిర్ణయించుకున్నాను. అరవను. ఏడవను. ఆయన చెప్పిందాన్ని నిజం చేస్తాను.

ఈ ఆదివారం నేను స్టూలు వేసిన కాసేపటికి, ఇల్లు చూడటానికి కరెంటు ఆఫీసు ఇంజనీరు మేడమ్ వచ్చింది. వెనకాలే పై అంతస్తు బ్యాంకు మావయ్యగారు, ఎదురింటివాళ్ళు, ఇంకో పది మంది. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని అందర్నీ బాల్కనీలోకి తీసుకెళ్ళాడు.

"ఎలా ఉతుకుతారో ఒకసారి చూపిస్తారా? వీడియో తీసుకుంటాం" అంది మేడమ్.

"ఇదిగో, చూపించు" అన్నాడు నా వైపు తిరిగి.

నేను నవ్వాను. "ఆయనకి మొహమాటం మేడమ్. ఈ ఇంట్లో దుప్పట్లు ఉతికేది ఆయనే. మీటింగులో అందరూ విన్నారుగా."

"విన్నాం, విన్నాం!" అన్నారు ఆడవాళ్ళంతా.

ఆయన నన్ను చూసిన చూపు నాకు తెలుసు. తలుపులు మూశాక చూసే చూపు. ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి. వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

మొదటి దుప్పటి పైకి లాగగానే కొత్త చొక్కా తడిసి ముద్దయింది. పిండబోతే చేతుల్లోంచి జారి మళ్ళీ టబ్బులో పడింది.

"ఏమయ్యా, రోజూ చేసే పనే కదా?" అన్నారు బ్యాంకు మావయ్యగారు.

"ఇవాళ జనం ఉన్నారని కంగారు మావయ్యగారూ" అన్నాను. "ఏవండీ, ఆ కర్టెన్లు కూడా."

"వాడికి నడుం పట్టేస్తుందే!" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"ఎక్సర్‌సైజే అత్తయ్యా."

మేడమ్ ఇల్లంతా తిరిగొచ్చింది. "నిజానికి మెషిన్ పెద్దగా కరెంటు తినదండీ. ఆ గదిలో ఏసీ గంటసేపు ఆపితే ఒక లోడు ఉతుక్కోవచ్చు. ముందు ఫ్రిజ్ రబ్బరు మార్పించండి. కానీ చేత్తో ఉతకడమే మీకిష్టమంటే కాదనను" అంది.

"ఆయనకి అదే ఇష్టం" అని ఎదురింటి వదిన వైపు తిరిగాను. "ప్రతి ఆదివారం మీవాళ్ళని కూడా పంపండి వదినా, ఆయన నేర్పిస్తారు." వదిన అప్పటికే వాళ్ళాయన మోచెయ్యి పట్టుకుంది. "ఈయన్ని ఇవాళే వదిలేసి వెళ్తాను" అంది. అందరూ గొల్లుమన్నారు.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి మా ఆయన పళ్ళు నూరాడు. "నా పరువు తీశావు."

"పెంచాను. మీరు చెప్పింది అబద్ధమని ఒక్కరితోనైనా అన్నానా? లిఫ్టు ఇంకా కిందికి దిగి ఉండదు, కావాలంటే ఇప్పుడే వెళ్ళి చెప్తాను."

ఆయన అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటిని చూసుకున్నాడు, నన్ను చూశాడు, గొంతు తగ్గించాడు. "సరేలే. మెషిన్ వాడుకో. ఇక ఆపు ఈ నాటకం."

పాత పేపర్లు తీసి కింద పడేశాను. ప్లగ్గు పెట్టాను. నా చీరలు, నా జాకెట్లు, షాపులో వేసుకునే కోటు వేసి మూత మూయబోతుంటే ఆయన సగం పిండిన దుప్పటి పట్టుకుని నీళ్ళు కార్చుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "ఇది కూడా వెయ్యి."

మూత మూసి స్విచ్ నొక్కాను.

"మీ దుప్పట్లు పోటీలో ఉన్నాయండీ. నా చీరలు లేవు."