ఫెబీ చెయ్యని ప్రార్థన

మూడో గారె ఫెబీకి గొంతు దిగలేదు. వద్దంటున్నా వినకుండా ఆ ఇంటావిడ మణి కోడికూరలో ముంచి మరీ ప్లేట్లో వేసింది. పాస్టర్ ఏసుపాదం గారు సోఫాలో కూర్చుని బైబిల్ తెరిచారు. బల్ల మీద, ఫెబీ పనిచేసే కాలేజీలో చేరతానని మణి కూతురు ప్రిస్సిల్లా సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. ఆ పక్కనే ఫెబీ తెచ్చిన కాలేజీ స్విమ్మింగ్ క్యాప్.

ఓక్లహోమాలోని ఆ కాలేజీ నుంచి టెక్సస్‌లోని ప్లేనోకి వస్తుంటే దారిలో హెడ్ కోచ్ ఫోన్ చేశాడు. ఇవాళే ప్రిస్సిల్లాతో సంతకం పెట్టించమన్నాడు. ఆ సంగతి మాత్రం ఎత్తొద్దన్నాడు. ఆ సంగతేమిటంటే, వచ్చే ఏడాది వేసవికి కాలేజీ ఈత జట్టునే ఎత్తేస్తోంది. ఫుట్‌బాల్ జట్టుకి డబ్బు చాలడం లేదట. అందాకా ఫీజు కట్టే కొత్తపిల్లల్ని తెస్తూ ఉండాలి. లేకపోతే ఈ ఏడే మూత.

మెరికల్లాంటి ఈతగాళ్ళను పెద్ద కాలేజీలు ఎగరేసుకుపోతాయి. మిగిలినవాళ్ళ కోసం ఇలాంటి మధ్యరకం కాలేజీలు గడప గడపా తిరుగుతాయి. స్కాలర్‌షిప్ పేరుతో విదిలించేది పిసరంత, మిగతా ఫీజంతా తల్లిదండ్రుల నెత్తిన. అసిస్టెంట్ కోచ్ అంటే ఈత నేర్పే మనిషి అనుకుంటారు పాపం. పిల్లల్ని పట్టుకురావడమే ఫెబీ ఉద్యోగం.

"అయోవా కాలేజీవాళ్ళు మొన్న కూడా ఫోన్ చేశారమ్మా," అన్నాడు ప్రిస్సిల్లా తండ్రి ఇమ్మాన్యుయేల్. "మన ఫెబీ ఉండగా మనకి వేరేవాళ్ళెందుకని నిన్ననే నో చెప్పేశా."

ఫెబీ చేతిలో గారె ప్లేట్లో పడింది. "నిన్ననా? నన్నడగాల్సింది అంకుల్."

"నిన్నడిగేదేముంది? మా పిల్లకి సండే స్కూల్ చెప్పినదానివి."

కారు కొనాలంటే పది షాపులు తిరిగి, అమ్మేవాడి ప్రాణం తీసే మనిషి ఇమ్మాన్యుయేల్. కూతురి చదువు దగ్గర ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మన చర్చి సంఘం మనిషి అన్నాక గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదనుకున్నాడు. ఆ మర్యాద సంగతి హెడ్ కోచ్‌కి బాగా తెలుసు. తెలుగువాళ్ళ ఇళ్ళకి ఎప్పుడూ ఫెబీనే పంపుతాడు.

"అక్కా, నన్ను రిలే టీమ్‌లో పెడతారా?" అడిగింది ప్రిస్సిల్లా.

"ప్రాక్టీస్ బాగా చెయ్యి," అంది ఫెబీ. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

పాస్టర్ గారు కళ్ళజోడు తీశారు. "ప్రార్థన చేసుకుని సంతకం పెడదాం. ఫెబమ్మా, నువ్వే చెయ్యి. దేవుడు నీ ద్వారానే కదా ఈ తలుపు తెరిచింది."

అందరూ లేచి నిలబడ్డారు. మణి పైట తల మీదికి లాక్కుంది. ప్రిస్సిల్లా హుడీ ముసుగేసుకుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ..."

తర్వాతి మాట రాలేదు. ఇన్ని నెలలూ మింగలేక కక్కలేక ఈ ఇంటికి వచ్చిపోయింది. మనుషుల దగ్గర దాచడం చేతనయింది. ఈ పిల్ల పేరెత్తి దేవుడికి కృతజ్ఞత చెప్పడం మాత్రం చేతకాలేదు. ఆమేన్ అనడానికి కాచుకున్న మణి ఒక కన్ను తెరిచింది.

"నేనీ ప్రార్థన చెయ్యను," అంది ఫెబీ. "సంతకం పెట్టొద్దు ప్రిస్సీ. వచ్చే సమ్మర్‌కి టీమ్ క్లోజ్ చేస్తున్నారు. నువ్వు ఈదేది ఒక్క ఇయరే."

"నీకెప్పట్నించి తెలుసు?" అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"క్రిస్మస్ ముందు నుంచి."

క్రిస్మస్‌కి వాళ్ళింట్లోనే కేకు తింది.

"మా ఇంట్లో కూర్చుని తింటా ఎట్టా దాచావే?" అంది మణి.

"ఉద్యోగం పోద్దని ఆంటీ."

బల్ల మీద ఫెబీ ఫోన్ మోగింది. హెడ్ కోచ్. ఫెబీ తియ్యలేదు. అది మోగి మోగి ఆగింది.

ప్రిస్సిల్లా ఎవరినీ అడగలేదు. తన ఫోన్ తీసి అయోవా కోచ్‌కి కలిపి, స్పీకర్లో పెట్టింది. నిన్న నాన్న వద్దన్న సీటు ఇంకా ఉందా అని ఇంగ్లీషులో అడిగింది.

"ఒక్క నిమిషం ఆగు, చూస్తాను," అందా కోచ్. లైన్లో హుషారైన సంగీతం ఏదో మొదలైంది.

అది ఎంతకీ ఆగలేదు. ప్రార్థన కోసం వేసుకున్న ముసుగు మణీ తియ్యలేదు, ప్రిస్సిల్లా తియ్యలేదు.