బాగైందన్న మాట

మందుల కంపెనీలో రియాక్టర్ పేలి ఐదేళ్లు దాటింది. పేలిన నాడు పేపర్లన్నీ రాశాయి, టీవీలన్నీ చూపించాయి, పెద్దపెద్దవాళ్లు వచ్చి చేతులు జోడించి పోయారు. అందరూ పోయాక కాలినవాళ్లకు మిగిలింది మల్లన్న ఒక్కడే.

మల్లన్నది గౌలిపుర, ఒకప్పటి పాలవాళ్ల వాడ. తాతల నాడు ఇంటి నిండా బర్రెలుండేవట. అతని వంతుకు పేడ వాసన కూడా మిగల్లేదు. చదువు ఏడో తరగతిలోనే అటకెక్కింది. ఆ కంపెనీలోనే డ్రమ్ములు దొర్లించేవాడు. పేలుడులో ఒళ్లు దక్కింది గాని ముక్కు చచ్చిపోయింది. ఇప్పుడు పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి ఆటో ట్రాలీలో పూలు తెచ్చి దుకాణాలకు దించుతాడు. మల్లెలైనా మోరీ మురుగైనా అతనికి ఒకటే. పూలు దించాక మిగతా పొద్దంతా కాలినవాళ్ల కేసులు పట్టుకుని తిరుగుతాడు. ఎందుకు తిరుగుతున్నావంటే చెప్పడానికి మాట లేదు. మొదట్లో కోపం ఉండేది. అదీ చెప్పులాగే తిరిగితిరిగి అరిగిపోయింది.

ఆ సాయంత్రం కార్వాన్‌లో రాహేలు ఇంటికి వచ్చింది కూడా కేసు పని మీదే. రాహేలు అదే కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. కుడిచెయ్యి భుజం దాకా కాలింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, మోచెయ్యి వంగినచోటే బిగుసుకుపోయింది. ఆ చెయ్యి ఇక పనికి రాదని తేలితేనే పరిహారం. ఆపరేషన్ చేయించాం, బాగైంది, ఇప్పుడు కావాలనే వంచి చూపిస్తోందని కంపెనీ వాదన. ఆ వాదన ఎన్నాళ్లో నిలిచేది కాదు. మధ్యలో ఒక వీడియో వచ్చి పడింది.

రాహేలు వెళ్లే మందిరంలో ఆదివారం ఆరాధన చివర ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెబుతారు. జ్వరం తగ్గిందని ఒకరు, కొడుక్కి నౌకరీ దొరికిందని ఒకరు. ఇంకా దొరకని నౌకరీని కూడా దొరికిందనే చెబుతారు. కాకముందే అయిందని నమ్మి స్తోత్రం చేస్తే అవుతుందని వాళ్ల విశ్వాసం. అట్లాగే ఒక ఆదివారం రాహేలు లేచి, "ప్రభువు నా చెయ్యిని పూర్తిగా బాగుచేసిండు" అంది. మైకు ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి కొంగు కింద ఉంది. మందిరంవాళ్లు అది ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. వాడకట్టులో కూడా ఎవరూ చూడని ఆ వీడియో కంపెనీ వకీలు కంటబడింది.

"రేపు వకీలు గా వీడియో పెట్టి, బాగైందా లేదా అని అడుగుతడు," అన్నాడు మల్లన్న, గడప పక్కన స్టూలు మీద కూర్చుని. "కాలేదు, అప్పుడేదో ఊకె అన్న అని చెప్పు. గంతే."

"ఊకె అనలేదన్నా."

"మరి బాగైందా?"

రాహేలు కూతురు షారోన్ వెనక మోకాళ్ల మీద నిలబడి తల్లికి జడ వేస్తోంది. "బాగైతే నాకెందుకు మామా గీ డ్యూటీ? అమ్మకొకటి, నాకొకటి జడలేసే వరకు రోజూ కాలేజీ బస్సు పోతది," అంది.

"నోర్ముయ్యే నువ్వు," అని రాహేలు మల్లన్న వైపు తిరిగింది. "కోర్టుల నిలబడి, దేవుడు నాకేం చెయ్యలేదని చెప్పమంటవా?"

"దేవుని ముచ్చట నాకెందుకు చెల్లె. చెయ్యి ముచ్చట చెప్పు."

"నాకు రెండు ఒకటే గదన్నా."

"కంపెనీ సేటు కూడా దేవునికి మొక్కిండు. ఆయనకైతే వెంటనే అయింది. వారంల బెయిలొచ్చింది."

షారోన్ నవ్వింది. రాహేలు నవ్వలేదు.

"నీకేందన్నా," అంది మెల్లగా. "నీకు నమ్మకం లేదు, పోయేది లేదు. నాకు చెయ్యి పాయె, నౌకరీ పాయె. వారానికొక్కసారి లేచి, అయిందని చెప్పుకున్న పూట ధైర్యంగ ఉంటది. అది గుడ పోతే ఇంక నా దగ్గర ఏముంటది?"

ఈ మాట మల్లన్నకు తగలాల్సింది. తగల్లేదు. చాయ్ తాగి, గ్లాసు గడప మీద పెట్టి లేచాడు. "పదింటికల్లా తయారుండు. ట్రాలీల తీస్కపోత," అన్నాడు.

మర్నాడు పరిహారం కేసులు వినే ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావడం లేదు. రాహేలు మందిరానికి కట్టుకునే తెల్లచీర కట్టుకొచ్చింది. కొంగు కుడిచేతి మీదుగా కప్పుకుంది. మల్లన్న కొంగు తీయమని సైగ చేశాడు. ఆమె చూడనట్టే ఉంది. ఇది కాలినవాళ్లందరికీ ఉన్న జబ్బే. పెద్దమనుషుల ముందుకు పోతున్నామంటే ఒళ్లంతా కప్పుకుని, తల దువ్వుకుని, పౌడరు రాసుకుని పోతారు. చూసినవాళ్లు, మంచిగానే ఉన్నారు గదా అంటారు.

కంపెనీ వకీలు శ్రీహరిరావు కోస్తా మనిషి. గొంతు పెంచడు, ఎవరినీ నువ్వు అనడు. ల్యాప్‌టాప్‌లో వీడియో చూపించి, "రాహేలు గారూ, ఇందులో ఉన్నది మీరేనాండీ?" అన్నాడు.

"నేనే సార్."

"ఎవరైనా బలవంతంగా చెప్పించారా?"

"లే సార్."

"దేవుడి సన్నిధిలో మీరు అబద్ధం చెప్పరు కదండీ?"

"చెప్పను."

"అంతేనండి," అని ఆయన కూర్చున్నాడు.

కేసు వినే ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, చెయ్యి బాగైందా, కాలేదా? ఒక్క మాటలో చెప్పు."

"కాకముందే అయిందని చెప్పుకుంటం సార్ మేము. గట్ల చెప్పుకుంటెనే అయితది."

"అంటే ఇంకా కాలేదా?"

"మీ కండ్ల ముందల్నే ఉన్న గద సార్. చూసి మీరే రాసుకోండ్రి. నా నోటితోని అనిపియ్యకుండ్రి."

"సాక్షి నోటితో అంటేనే రాసుకునేదమ్మా."

రాహేలు మల్లన్న వైపు చూసింది. ఇన్నేళ్లలో ఎంతోమంది అతనివైపు అట్లా చూశారు. అతను అందరికీ ఊపినట్టే తల ఊపాడు.

ఆమె ఎడమచేత్తో కొంగు తొలగించి, కుడిచెయ్యిని ఎత్తి టేబుల్ మీద పెట్టుకుంది. అది బల్లకు ఆనలేదు, బోర్లించిన గిన్నెలాగా పైకే నిలిచింది. శ్రీహరిరావు ల్యాప్‌టాప్ వైపు చూపు తిప్పుకున్నాడు.

"బాగు కాలేదు సార్," అంది రాహేలు. "దేవుడు బాగుచెయ్యలేదు. ఐదేండ్ల సంది అడుగుతున్న. చెయ్యలేదు."

ఆఫీసరు టైపు చేసే అమ్మాయికి చెప్పాడు. "సాక్షి తన కుడిచెయ్యి బాగు కాలేదని చెప్పింది." అమ్మాయి అంతే కొట్టింది. అందులో దేవుడు లేడు. డాక్టరును విచారించడానికి వచ్చే నెలకు వాయిదా వేశారు.

మెట్లు దిగుతూ, "మంచిగ చెప్పినవ్ చెల్లె. ఇంక కేసు మనదే," అన్నాడు మల్లన్న.

"జరసేపు నాతోని మాట్లాడకన్నా."

పురానాపూల్ వంతెన దాటే దాకా ట్రాలీలో పక్కనే కూర్చుని ఆమె బయటికి చూస్తూనే ఉంది. కొంగు మళ్లీ కప్పుకోలేదు.

కార్వాన్‌లో దిగాక, "ఆదివారం మందిరానికి పోతవా?" అని అడిగాడు. అడగాలని కాదు, ఏదో ఒకటి అనాలి గనక.

"పోక ఏడికి పోత? పోయి ఎన్కల గోడకు కూసుంట." రెండడుగులు వేసి ఆగింది. "ఈ ముచ్చట అందరికి తెలుస్తది గద. మైకు నా దాక తెస్తరంటవా?"

ఆమె గల్లీలోకి వెళ్లిపోయింది. తనకేదైనా అనిపిస్తుందేమోనని మల్లన్న కాసేపు ట్రాలీ తీయకుండా ఉన్నాడు. ఏమీ అనిపించలేదు. ఫోన్ తీసి నాగమణమ్మకు కలిపాడు. అదే కంపెనీలో ఊడ్చే పని చేసేది, పొగ మింగి ఊపిరితిత్తులు పాడైన ముసలామె. రాహేలు తర్వాత సాక్ష్యం చెప్పాల్సింది ఆమే.

"అమ్మా, నేను మల్లన్నను. ఒక ముచ్చట యాది చేసుకొని చెప్పు. ఎవరికన్న మంచిగున్న అని చెప్పినవా? ఫోన్ల గిట్ల, పెండ్లిల గిట్ల?"

"ఎట్లున్నవ్ అంటే మంచిగున్న అనే అంటం గద బిడ్డా," అంది నాగమణమ్మ. మధ్యలో ఆయాసంతో ఆగి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ అందుకుంది. "నిన్న మా ఆడిబిడ్డ అడిగితె గుడ గదే అన్న. ఎందుకు?"

"ఇప్పటి సంది అనకు."

"మరేమనాలె?"

"చస్తున్న అను," అన్నాడు మల్లన్న.