యుద్ధం దాకా నాది, తర్వాత నీది

మా ఇద్దర్నీ జంటగా వేసినప్పుడు చరిత్ర మేడం ఏమనుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. "ఒకే ఇంట్లో ఉంటారు కదా, కలిసి చదువుకోవడం తేలిక," అంది. ఒకే ఇంట్లో ఉండబట్టే కదా మేం ఒకరి మొహం ఒకరం చూసుకోనిది! ఆ ముక్క ఆవిడకెవరు చెప్పాలి? నేను చెప్పలేదు. మౌనస్వామి సంగతి సరేసరి.

మౌనస్వామి అంటే, మా అమ్మ రెండో పెళ్ళి చేసుకున్నాయన కొడుకు. ఆ పేరు నేనే పెట్టాను. పొద్దున్న లేచింది మొదలు నోరు విప్పడు. విప్పాడా, అవతలివాళ్ళ ఒళ్ళు మండే మాటే వస్తుంది. మేం పెట్టెలతో ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు మా అమ్మ అలిసిపోయి ఒక కుర్చీలో కూలబడితే, "అది మా అమ్మ కుర్చీ," అన్నాడు. అదీ మాకు దొరికిన స్వాగతం. వాళ్ళమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది. మా అమ్మ గబుక్కున లేచి నిలబడి, "పోన్లే నాన్నా," అంది. 

వాడు నాకంటే కొన్ని నెలలు పెద్ద. "అన్నయ్యా అని పిలవ్వే, నీ సొమ్మేం పోయింది?" అని అమ్మ పోరు. నా నోట ఆ మాట రాలేదు, రాదు. వాడు మాత్రం అమ్మని పిన్నీ అంటున్నాడా? "ఇదిగో," అంటాడు. లేదంటే నేరుగా విషయంలోకి దిగుతాడు, "చొక్కా ఇస్త్రీ కాలేదు," అని. అమ్మ పొద్దంతా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించి వచ్చి, వాడి చొక్కా ఇస్త్రీ చేస్తుంది. ఆయన, అంటే వాడి నాన్న, లిఫ్టులు బాగుచేస్తాడు. చెడ్డవాడేం కాదు. పొద్దున్నే సంచి తగిలించుకుని పోతాడు, చేతులకి గ్రీజుతో తిరిగొస్తాడు, వార్తలు చూస్తూ నిద్రపోతాడు. కొడుకుని ఒక్క మాట అనడు. అదే నాకు ఒళ్ళు మంట.

ఇల్లంతా కలిపి రెండు గదులూ వంటిల్లూ. ఒక గదిని మా ఇద్దరికీ పంచారు. మధ్యలో బీరువా అడ్డం పెట్టారు. కిటికీ వాడి వైపు పోయింది, తలుపు నా వైపు వచ్చింది. అంటే దొరగారు బయటికి వెళ్ళాలన్నా, లోపలికి రావాలన్నా నా మంచం పక్కనుంచే. నేను చదువుకుంటున్నా సరే, పడుకున్నా సరే, చెప్పుల చప్పుడుతో అలా పోతాడు. ఆ గాలిలేని సగం గదిలో కూర్చుని నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ ఇంట్లోంచి బయటపడాలి.

దానికి దారి ఒకటే కనిపించింది. వేరే ఊళ్ళో హాస్టల్ ఉన్న కాలేజీ ఒకటుంది. అడ్వాన్స్‌డ్ హిస్టరీ అని, మామూలు చరిత్ర పేపరు కంటే కష్టమైన పరీక్ష, అందులో పై గ్రేడు తెచ్చుకుంటే అక్కడ సీటు ఖాయం. కానీ ఆ పరీక్షకి ఎవరు పడితే వాళ్ళు కూర్చోవడానికి లేదు. మేడం ముందుగా జంటలుగా నోటి పరీక్ష పెడుతుంది. జంటకి ఒకటే మార్కు. ఒకరు మునిగితే రెండోవాళ్ళూ మునిగినట్టే. గట్టెక్కినవాళ్ళ పేర్లే పంపుతుంది, మిగతావాళ్ళు మామూలు పేపరు రాసుకోవాలి. అమ్మకి నేను హాస్టల్ మాట చెప్పలేదు. మంచి మార్కుల కోసం రాస్తున్నానంతే అన్నాను.

మేడం జంటల పేర్లు చదివిన రోజే వరండాలో వాణ్ణి ఆపాను.

"కలిసి కూర్చునే పని లేదు. సగం సగం పంచుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా నాది. ఆ తర్వాతదంతా నీది."

"హమ్మయ్య," అని వెళ్ళిపోయాడు.

నా వాటా నేను నమిలి మింగాను. ఎవరితో ఎవరు పొత్తు పెట్టుకున్నారు, ఎవరిని చంపితే ఎవరికి కోపమొచ్చింది, కందకాల్లో ఎన్నాళ్ళు కుళ్ళిపోయారు, నవంబర్లో తుపాకులు ఎలా ఆగాయి, అన్నీ. వాడేం చదువుతున్నాడో నేనడగలేదు. బీరువా అవతల పేజీలు తిరుగుతున్న చప్పుడు వినపడేది, అదే చాలనుకున్నాను.

నోటి పరీక్ష రోజు మేడం జలుబుతో ఉంది. బల్ల మీద వంటింట్లో వాడే టైమరు పెట్టుకుంది. నా భాగంలో ఏదడిగినా టకటకా చెప్పాను. వాడూ తన భాగం బాగానే చెప్పాడు, చెప్పొద్దూ. ఇంక అయిపోయిందనుకుంటుండగా మేడం ముక్కు తుడుచుకుని అడిగింది.

"వెర్సాయ్ సంధి. ఓడిపోయిన జర్మనీని చర్చలకి ఎందుకు రానివ్వలేదు?"

నేను వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. టైమరు టిక్కుటిక్కుమంటోంది.

"చెప్పు, అది నీది," అన్నాను.

"నాదా? సంధి మీద సంతకం అయితేనే కదా యుద్ధం ముగిసినట్టు! అది నీ వాటా."

"తుపాకులు నవంబర్లోనే ఆగిపోయాయి. యుద్ధం అక్కడితో సరి. సంధి మరుసటేడు కదా!"

"తుపాకులాగితే యుద్ధం ముగిసినట్టా? ఏ పుస్తకంలో ఉంది?"

"ఏ పుస్తకంలో ఉందో నీకెలా తెలుస్తుంది, చదివితే కదా!"

"నువ్వు చదివి ఏడ్చావా మరి?"

మేడం అడ్డు చెప్పలేదు. మేం అరిచి అరిచి అలిసిపోయేదాకా ఆగి, టైమరు నొక్కి ఆపింది. "యుద్ధం ఎప్పుడు ముగిసిందని మహామహా చరిత్రకారులే కొట్టుకుంటారు. కాకపోతే వాళ్ళు చదివి కొట్టుకుంటారు," అంది. నా మొహం మాడిపోయింది. "సోమవారం మళ్ళీ రండి. ఆ సంధి ఒక్కటే అడుగుతాను. మొదటి ప్రశ్న ఎవరిదైనా, ఆ జవాబు మీద వచ్చే ప్రశ్న రెండోవాళ్ళది. ఒక్కరు తడబడినా ఇద్దరికీ మామూలు పేపరే."

బడి గేటు దాటగానే నేను వాడి మీద పడ్డాను. తెలివితక్కువ వెధవ అన్నాను, ఇంకా చాలా అన్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. వాడు అంతా విని, సంచి ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు.

"అయ్యిందా? ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్విక్కణ్ణించి పోవాలని నీకెంతుందో, నాకు దానికి రెట్టింపుంది. నువ్వు మామూలు పేపరు రాస్తే ఇక్కడే పడుంటావు."

నేను వాడి సంచి పట్టుకు లాగాను. "నీకెవరు చెప్పారు?"

"మేడాన్ని హాస్టల్ గురించి అడిగావుగా. వెనకే ఉన్నాను. చెవులున్నాయి నాకు."

"అమ్మకి చెప్పావంటే చంపేస్తాను."

"మీ అమ్మతో నాకేం పని? నువ్వు పోతే బీరువా గోడకి జరుపుతాను. నాకు కావాల్సింది అంతే. పద, పుస్తకం తియ్యి."

శనివారం వంటింటి టేబుల్ మీద ఆయన పరిచిపెట్టిన లిఫ్టు బటన్లన్నీ ఒక డబ్బాలోకి ఊడ్చేసి, మేం ఎదురెదురుగా కూర్చున్నాం. వాడు నేర్పడం కాదది, రాచిరంపాన పెట్టడం. నేను తేదీలు చెప్తే చెయ్యి అడ్డంపెట్టి ఆపేవాడు.

"జూన్‌లో సంతకం అయ్యిందని గోడ మీద క్యాలెండరూ చెప్తుంది. ఎందుకు రానివ్వలేదు?"

"ఓడిపోయారు కాబట్టి."

"అది కారణం కాదు, ఎత్తిపొడుపు. గెలిచినవాళ్ళలో వాళ్ళకే పడదు. ఒకడికి జర్మనీని నలిపెయ్యాలని, ఇంకొకడికి మరీ నలిపితే తన వ్యాపారం పోతుందని. వాళ్ళ కొట్లాటలు బయటివాడి ముందు పెట్టుకుంటారా? చెప్పు."

నేనూ ఊరుకున్నానా? యుద్ధానికి బాధ్యత మొత్తం జర్మనీదేనని ఒప్పించిన నిబంధన పట్టుకుని వాణ్ణి ఉతికి ఆరేశాను. అది పరిహారం వసూలుకి చట్టపరంగా దారి వెయ్యడానికి రాశారా, అవమానించడానికి రాశారా అని అడిగితే వాడు పేజీలు వెనక్కి తిప్పడం మొదలెట్టాడు. మళ్ళీ చదివి రమ్మన్నాను. మూతి ముడుచుకుని చదివొచ్చాడు.

"షరతులన్నీ రాసేసి, తర్వాత పిలిచి చేతిలో పెడతారా? అదేం సంధి?" అన్నాను నేను ఒకసారి, విసుగొచ్చి.

"వాళ్ళని కనీసం పిలిచారు," అన్నాడు వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "మన ఇంట్లో పెళ్ళికి ముందు మనల్ని ఎవరడిగారు?"

అది నిజమే. నేను కూడా అదే అనుకునేదాన్ని. కానీ వాడితో ఔననడం ఇష్టం లేక, "మాట మార్చకు, తర్వాతి ప్రశ్న అడుగు," అని కసిరాను.

ఈ గొడవలో అమ్మ దుకాణం నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడవడం కూడా మర్చిపోయి నిలబడిపోయింది. మేం ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం, నిజమే. కానీ ఒకే టేబుల్ దగ్గర, ఒకే పుస్తకం మీద. ఆవిడ కళ్ళకి అదొక్కటే కనపడింది. గప్‌చుప్‌గా లోపలికెళ్ళి ఆయనతో గుసగుసలు. తర్వాత మెట్ల మీద పక్కింటావిడతో అంటుంటే నా చెవిన పడింది. "కలిసిపోయారండీ ఇద్దరూ! తిట్టుకోవడం కూడా తోడబుట్టినవాళ్ళలాగే తిట్టుకుంటున్నారు." ఆదివారం మేం కూర్చున్నంతసేపూ మాకు వేడివేడిగా ఏదో ఒకటి చేసి పెడుతూనే ఉంది, టేబుల్ చుట్టూ పిల్లిలా తిరుగుతూ. వాడి గ్లాసు ఖాళీ కాగానే నింపింది. వాడు చూడనైనా చూడలేదు. నాకు ఒకటి రెండుసార్లు చెప్పేద్దామనిపించింది. పరీక్షయ్యాక చూసుకుందాంలే అని నోరు మూసుకున్నాను.

సోమవారం మేడం మమ్మల్ని చెమటలు పట్టించింది. మొదటి ప్రశ్న నాకొచ్చింది, నా జవాబు మీదది వాడికి. వాడు ఆపిన చోట నేనందుకున్నాను, నేను తడబడబోయిన చోట వాడు బల్ల కింద కాలితో తన్నాడు. గట్టిగానే తన్నాడు, కాలు కమిలిపోయింది. చివర్లో మేడం టైమరు ఆపి, "ఇప్పుడు కొట్టుకోండి, మీకా అర్హత వచ్చింది," అని ఇద్దరి పేర్లూ రాసుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పక్కన వాడున్నాడని ఆగాను. వాడి మొహంలో కూడా సంతోషం. అంత సంతోషంగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు, నేను పోతానని!

ఇంటికి రాగానే అమ్మ మా మొహాలు చూసి కనిపెట్టేసింది. నన్ను వాటేసుకుంది. వాడి వైపు చెయ్యి చాచి, వాడు రాకపోయేసరికి భుజం మీద ఒక్కసారి తట్టి ఊరుకుంది. మాటలు ఆగడం లేదు ఆవిడకి.

"నాకు తెలుసు, మీరిద్దరూ కూర్చుంటే ఏదైనా సాధిస్తారు. వచ్చే ఏడు ఇద్దరూ ఒకే కాలేజీలో చేరండి. కలిసి వెళ్ళి కలిసి రావచ్చు. ఆయనతో చెప్పి ఆ గదిలో మీకొక పెద్ద టేబుల్..."

"వచ్చే ఏడు తనిక్కడుండదు," అన్నాడు వాడు, బూట్లు విప్పుకుంటూ. "హాస్టల్‌కి పోతోంది. దాని కోసమేగా ఈ పరీక్ష."

ఆ క్షణంలో వాడి పీక పిసికెయ్యాలనిపించింది. అమ్మ నా వైపు తిరిగింది.

"నిజమా?"

ఇంక దాచడానికేముంది? కోపమూ తప్పు చేసిన బెదురూ కలిసి మాట కటువుగా వచ్చింది. "నిజమే. నాకిక్కడ ఊపిరాడటం లేదమ్మా. ఈ ఇంట్లో నాకేముంది?"

"నాకేముందనుకున్నావ్?"

అంత నెమ్మదిగా అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఏదో అనబోయాను. వినిపించుకోలేదు.

"నువ్వున్నావు కదా అని సర్దుకున్నాను. ఆయన ఇంటికొచ్చి నాతో నాలుగు మాటలు మాట్లాడడు. ఈ పిల్లాడు నన్ను మనిషిగా చూడడు. మొన్న మీరిద్దరూ అక్కడ కూర్చుంటే, ఇది నా ఇల్లని మొదటిసారి అనిపించింది. పిచ్చిదాన్ని."

వాడు ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మ వాడి వైపు చూడలేదు. కన్నీళ్ళకి నా చెంపకి అంటుకున్న జుట్టు చెవి వెనక్కి తోసింది.

"ఏడవకు. చదువుకో. పై గ్రేడు తెచ్చుకుని వెళ్ళు. ఒకసారి వెళ్ళాక మళ్ళీ ఇక్కడికి రావద్దు కూడా. నాకైతే బయటపడటానికి రాసే పరీక్షలేవీ లేవు."