తేటనీళ్ళు

మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ముందుగది కిటికీలోంచి వచ్చి నీళ్ళతొట్టె మీద పడుతుంది. అక్కడినుంచి పైకప్పుకు ఎక్కి మెల్లగా కదులుతూ ఉంటుంది. సెలవురోజుల్లో నేను ఆ వెలుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కాసేపటికి గది నిండా నీళ్ళున్నట్టు, వాటి అడుగున నేనున్నట్టు అనిపిస్తుంది. భయం వేయదు. పంపు సన్నగా మూలుగుతూ ఉంటుంది. అది వింటూ కునుకు తీస్తే, తొట్టె అడుగున ఇసుక మీద పనిముట్ల సంచీ పట్టుకుని మావారు నడుస్తూ కనపడతారు. ఎక్కడికని అడగాలనుకుంటాను. పనిలో ఉన్న మనిషిని పలకరించడం నాకు అలవాటు లేదు.

ఆయన మోటారు మెకానిక్. రేవులో ఐసు ఫ్యాక్టరీకి సముద్రపు నీళ్ళు తోడే గొట్టం ఏడాదికోసారి పూడుకుపోయేది. లోపల ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పట్టేసేవి. గొట్టం విప్పి వాటిని గీకి పారేయడం ఆయన పని. ఆరేళ్ళ కిందట ఒకసారి పారేయకుండా బక్కెట్టులో ఇంటికి తెచ్చారు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఉన్న ఇల్లు నేనే ఖాళీ చేయించాను. నడిరోడ్డు మీద వదిలేసి ఎలా వస్తాను?" అన్నారు.

రెండు బిందెల నీళ్ళు పట్టే తొట్టె ఆయనే అద్దాలు అతికించి చేశారు. నల్లగా, పొడుగ్గా, నున్నగా ఉండేవి ఆల్చిప్పలు. వెంట్రుకల్లాంటి దారాలు వదిలి రాయిని పట్టుకుని ఉంటాయి. రాయికీ వాటికీ తేడా తెలియకుండా గరుకుగా ఉండేవి వాటితోపాటే వచ్చిన ఆయిస్టర్లు. వాటికి ఆయన పెట్టిన పేరు పెద్దమనుషులు. కదలవు, మెదలవు, నోరు ఎప్పుడు విప్పుతాయో ఎవరికీ తెలియదు.

మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "అన్నయ్యా, ముత్యాలెప్పుడు?" అని అడిగేది.

"ఇవి ఆ రకం కాదే. తినడం తప్ప వీటికి వేరే విద్య రాదు."

"అయితే అచ్చం నీ పోలికే."

ఆయన పోయి ఇవాళ్టికి యాభై మూడు రోజులు. నిద్రలో పోయారు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

మొదటి వారం నేను ఇల్లు కడిగాను. ఎందుకంటే చెప్పలేను. చేతులు ఊరుకోలేదు. ఆయన పని బట్టలు నాలుగుసార్లు ఉతికి నూనె మరకలు వదలగొట్టాను. వంటింటి కిటికీలో అయిదు గాజు సీసాలుండేవి, చిక్కటి ఆకుపచ్చ నీళ్ళతో. దేనిమీదా పేరు లేదు. బడిలో సైన్సు గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పేరు రాయని సీసాలో ఏమున్నా పారబోసి కడగాలని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. అవీ అలాగే పారబోశాను. బ్రష్షుతో తోమి, కిటికీలోనే బోర్లించాను.

మర్నాడు ఆడపడుచు వచ్చింది. మడతపెట్టిన బట్టలు తీసి వాసన చూసింది. బోర్లించిన సీసాలు చూసింది.

"ఇల్లు కడిగావా వదినా, మా అన్నయ్యను కడిగేశావా?" అంది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది. ఆ తరవాత తను రాలేదు, నేను పిలవలేదు.

తొట్టెను మాత్రం నేను వదల్లేదు. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చాను. ఉప్పు తూకం వేసి కలిపాను. అద్దం రోజూ తుడిచాను. నీళ్ళు ఎంత తేటగా అయ్యాయంటే, ఒక్కోసారి తొట్టెలో నీళ్ళున్నాయో లేవో వేలు ముంచి చూసుకోవలసి వచ్చేది. కలలో ఆయన నడిచే ఇసుక కూడా అంత శుభ్రంగానే ఉండేది. అడుగుజాడలు పడేవి కావు.

అయినా ఒకరోజు ఒక ఆల్చిప్ప నోరు తెరుచుకుని ఉంది. వేలితో తాకితే బతికున్నది మూసుకుంటుంది. అది మూసుకోలేదు. తీసేశాను. పదిరోజుల్లో ఇంకో రెండు. పన్నెండు నల్లవాటిలో తొమ్మిది మిగిలాయి. పెద్దమనుషులు నలుగురూ తలుపులు బిగించుకుని ఉన్నారు. లోపల ఉన్నారో లేదో తెలియదు. అవి కూడా పోతే, ఆయన చేతిమీదుగా బతికింది ఈ ఇంట్లో నేను తప్ప ఏదీ ఉండదు.

నిన్న శనివారం బడి అయ్యాక రంగుచేపల కొట్టుకు వెళ్ళాను. కొట్టు తాతకు మావారు బాగా తెలుసు. కొట్టులో పంపులన్నీ మావారే బాగుచేసేవారు. తాత చేతివల కడుగుతూనే నేను చెప్పిందంతా విన్నాడు.

"నీళ్ళు ఎప్పుడు మారుస్తున్నారు టీచరమ్మా?"

"ఆదివారం, బుధవారం."

"అద్దం?"

"రోజూ."

"మరి తిండి?"

చేపలకైతే గింజలు వేస్తారని తెలుసు. ఇవి నోట్లో ఏదైనా పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళు పీల్చి నీళ్ళు వదులుతాయి, అంతే అనుకున్నాను.

"ఆ నీళ్ళలో ఉండేదే వాటి తిండి," అన్నాడు తాత. "కంటికి కనపడనంత సన్నటి నాచు. మీ ఆయన సీసాల్లో పెంచేవాడు కదా, పచ్చనీళ్ళు. రోజూ ఒక గ్లాసుడు పోసేవాడు. అవేవీ?"

"పారబోశాను."

తాత వల పక్కన పెట్టాడు. "కోపగించుకోకండమ్మా. కంచం తళతళలాడేట్టు తోమి తోమి వాటి ముందు పెట్టారు, అంతే. వడ్డించలేదు."

పచ్చనీళ్ళు అతని దగ్గర కూడా లేవు. మావారే తెచ్చి ఇచ్చేవారట. బయటినుంచి తెప్పించాలంటే పన్నెండు రోజులు పడుతుంది. "పెద్దవి నోరు కట్టుకుని ఉండగలవేమో. నల్లవి అన్నాళ్ళు ఆగవు. ఆయన ఇంకెవరికైనా ఇచ్చాడేమో గుర్తు చేసుకోండి. పాలల్లో తోడు వేసినట్టే, కాస్త దొరికితే చాలు. ఉప్పునీళ్ళలో కలిపి ఎండలో పెడితే వారంలో సీసా నిండా అదే పెరుగుతుంది."

గుర్తు చేసుకోనక్కర్లేదు. ఆ పచ్చసీసాను నేను రోజూ బస్సులోంచి చూస్తున్నాను. మా ఆడపడుచు కుట్టుకొట్టు అద్దాల కిటికీలో, దారపు ఉండల మధ్య, ఎండ తగిలి వెలుగుతూ ఉంటుంది.

ఇవాళ ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఆడపడుచు మెషిను మీద వంగి ఉంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. నన్ను చూసి ఒక్కొక్కటీ తీసి గుడ్డకు గుచ్చింది. నాలుగు సూదులు.

"ఏం వదినా, దారి తప్పావా? బడి ఇంకా ముందుకెళ్ళాలి."

"నీ దగ్గరికే వచ్చాను."

"కొలతలిస్తావా? చిక్కిపోయావు. పాతవి పనికిరావు."

"ఆ సీసా కావాలి."

తను వెనక్కి తిరిగి చూడలేదు. ఏ సీసా అని అడగలేదు.

"అది మా అన్నయ్య చేతిది. ఇక్కడ ఎండ బాగా పడుతుందని పెట్టాడు. పొద్దున్నే కొట్టు తీయగానే ఒకసారి ఊపమన్నాడు. ఊపుతున్నాను. ఒక్కరోజు కూడా మానలేదు. ఎందుకు ఊపమన్నాడో కూడా తెలీదు నాకు."

"అది వాటి తిండి. ఆకలితో చచ్చిపోతున్నాయి."

"నాలుగు సీసాలు పారబోశావు కదా వదినా. అప్పుడు తెలీలేదా?"

"అయిదు," అన్నాను.

"ఏమిటి?"

"నాలుగు కాదు. అయిదు."

తను నా ముఖంలోకి చూసింది. ఆ చూపు కింద నేను మొదటి బెంచీ పిల్లలా నిలబడ్డాను.

"ఎందుకు పారబోశావు?"

"పేరు రాసి లేదు."

మెషిను చక్రం మీద తన చెయ్యి ఆగింది. ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలో మారింది. గుడ్డ ముక్క తీసుకుని ముక్కు తుడుచుకుంది.

"పేరా! మా అన్నయ్యా! స్క్రూలూ మేకులూ మాత్రలూ అన్నీ ఒకే డబ్బాలో పోసుకునే మనిషి! పాతికేళ్ళు కాపురం చేశావు, ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసు. ఆ వారం ఏదీ తెలియలేదు."

వీధిలో బస్సు వెళ్ళింది. కిటికీలో పచ్చనీళ్ళు కొంచెం కదిలి మళ్ళీ నిలిచాయి.

"పోస్తే తినేస్తాయి కదా. ఇంక ఉండదు కదా," అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

తాత చెప్పింది చెప్పాను. సగం పోస్తే సగం ఉంటుందని, అది మళ్ళీ పెరుగుతుందని. పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను.

కొట్టు తలుపు వేసింది. సీసాను పిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకుంది. నేను చేతులు చాచాను.

"నీ చేతికివ్వను. దారిలో ఎక్కడైనా కడిగేస్తావు."

ఇంటికొచ్చి తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు లోపలికి చూసింది. "ఇంత తెల్లగా ఎప్పుడూ లేదు. ఆసుపత్రిలా ఉంది," అంది. మూలనున్న ఆల్చిప్ప ఒకటి నోరు వెళ్ళబెట్టి ఉంది. నేను కొంగు దోపుకుని, వేలితో దాని అంచు తాకాను. ఏమీ జరగలేదు. తరవాత అది మెల్లగా, నిద్రలో తలుపు లాగే మనిషిలా, మూసుకోబోయింది. పూర్తిగా మూసుకోలేకపోయింది.

"బతికుందా?"

"ఉంది. ఓపిక లేదు."

ఆడపడుచు సీసా వంచింది. పచ్చనీళ్ళు తేటనీళ్ళలోకి పొగలా దిగాయి. పంపు దగ్గర సుడి తిరిగి, రాళ్ళ మీదుగా పాకి, తొట్టె అంతా అలముకున్నాయి. మొదట ఆయిస్టర్లు మసకబడ్డాయి, తరవాత నల్లవి. సీసా సగానికి వచ్చింది. నేనూ పట్టుకున్నాను. ఇద్దరం కలిసి సీసాను నిలబెట్టాం. మిగిలినదాంట్లో చాలావరకు కొత్త ఉప్పునీళ్ళతో అయిదు సీసాల్లోకి పోసి కిటికీలో పెట్టాం.

"ఇప్పుడు తింటున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏమీ కనపడ్డం లేదు," అన్నాను.

"అన్నయ్య తొట్టె వెనక ఏదో కాగితం పెట్టేవాడు. రాత కనపడితే తిన్నట్టు. నీళ్ళు పచ్చగానే ఉండిపోతే..." ఆ మాట పూర్తి చేయలేదు. సంచీలోంచి కొలతల చీటీ ఒకటి తీసి, వెనక అద్దానికి తడితో అతికించింది. పెన్సిల్ రాత. ఇటునుంచి చూస్తే కాగితం లేదు, రాత లేదు, పచ్చదనమే.

కూర్చున్నాం. మూడు దాటింది. ఎండ తొట్టెలోకి వచ్చింది. పైకప్పు మీద వెలుగు ఈసారి పచ్చగా ఉంది, లేత ఆకు కింద పడుకున్నట్టు. గోడలు, పుస్తకాల బీరువా, ఆడపడుచు ముఖం, నా చేతులు అన్నీ ఆ రంగులోనే ఉన్నాయి. నేను కళ్ళు మూసుకోలేదు. అయినా కలలో ఉన్నట్టే ఉంది. నీళ్ళు బరువుగా, వెచ్చగా, ఏదో నిండినట్టుగా తోచాయి. తుడవాలని చేతులకు అనిపించలేదు.

"అన్నయ్య నీకు భయపడేవాడు, తెలుసా," అంది తను, గోడకు ఆనుకుని. "ఆ సీసాలు వంటింట్లో పెడితే వదిన ఏమంటుందో అని నెల్లాళ్ళు నా కొట్టులోనే దాచాడు."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదట. అందుకే ఇంకా భయపడ్డాడు."

నవ్వు వచ్చింది నాకు. ఈ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

అయిదు గంటలకు పచ్చదనం పలచబడిందో, నా ఆశ అలా చూపిస్తోందో తేల్చుకోలేకపోయాను. కొంచెంసేపటికి ఆడపడుచు ముందుకు వంగింది.

"వదినా, అదేమిటి?"

పచ్చటి నీళ్ళ అవతల ఒక గీత. గీత పక్కన వంపు. అక్షరాలు నేర్పడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలమంది పిల్లలు మొదటి మాట కూడబలుక్కోవడం విన్నానో. నా వంతు వచ్చేసరికి అద్దం మీద ఆ గీత వెంట వేలు నడిపాను.

"భు... జం," అని తనే చదివింది.

తరవాత "చేయి" కనపడింది. ఆ తరవాత "మెడ." పక్కన అంకెలు మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ఎవరో మనిషి, భుజమూ చేయీ మెడా, ఒక్కొక్కటిగా మా ముందుకు వస్తున్నారు.

"ఎవరివి కొలతలు?" అన్నాను.

"ఎవరివో. మంగళవారానికి కుట్టివ్వాలి."

నీళ్ళు తేరుకుంటున్నాయి. నేను కడిగిన తేట కాదిది. అవి కడుపులోకి తీసుకుంటే మిగిలిన తేట. రాళ్ళ మీద ఎనిమిది నల్లటివి సన్నగా నోరు తెరిచి, అంచున గోధుమరంగు కుచ్చులు కదిలిస్తూ ఉన్నాయి. మూలనున్నది అలాగే ఉంది. నేను మళ్ళీ తాకలేదు. ఆయిస్టర్లలో ఒకటి వెంట్రుకవాసి తెరుచుకుంది. మిగిలిన మూడింటి సంగతి తెలియదు.

ఆడపడుచు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఒక సీసా చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి చూసింది. దాంట్లో పచ్చదనం చాలా పలచగా ఉంది.

"వీటి ఆకలి ఇంకా తీరినట్టు లేదు. ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దు. దాన్ని పెరగనియ్యి."

"మరి రేపు ఇవేం తింటాయి?"

"నువ్వు తెచ్చిన సీసా అడుగున ఒక గ్లాసుడు ఉంచాను. రేపు అది పోద్దాం," అన్నాను. "కొట్టు మూశాక ఇటే రా."