మంత్రిగారు కంచె బయట కూర్చున్న రోజు

డెల్మా ఆంటీ ఇంట్లో మరుగుదొడ్డికి తలుపు లేక పద్నాలుగు నెలలైంది. చెదలు తిని ఊడిపడితే ఆంటీ కొడుకు క్లారీ దాన్ని కోళ్ల గూటికి పైకప్పుగా వేసేశాడు. అప్పటినుంచి లోపలికి వెళ్లినవాళ్లు గట్టిగా పాడుతూ కూర్చోవాలని ఇంట్లో నియమం. పాటలు రాని క్లారీ పశువుల సంతలో వేలం వేసేవాడిలా ధరలు అరుస్తాడు. ఒకసారి పక్కింటాయన కిటికీలోంచి బేరం కూడా ఆడాడు.

మాకు అలవాటైపోయింది. చిక్కల్లా ఆంటీ అక్క ఇస్మే వల్ల వచ్చింది. సిడ్నీలో తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆవిడ శుక్రవారం ఇంటికి రావాలి. చేతిరుమాళ్లు కూడా ఇస్త్రీ చేసుకునే మనిషి. తలుపు లేని ఇంటికి రానని, డబ్బో పట్నంలో వృద్ధాశ్రమానికి పోతానని ఫోన్లో తేల్చి చెప్పింది. ఆ ఆశ్రమానికి వెళ్లిన మావాళ్లెవరూ తిరిగి రావడం ఆంటీ చూడలేదు.

ప్రభుత్వ ఇళ్ల మరమ్మతుల ఆఫీసుకి ఆంటీతో నేనూ వెళ్లాను. అక్కడి అధికారి గావిన్ ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. కంప్యూటర్ చూసి, మీ తలుపు పోయిన మార్చిలోనే బిగించామన్నాడు. రుజువుగా ఫోటో చూపించాడు. ఫోటోలో ఉన్నది ఆంటీ ఫ్రిజ్. తెల్లగా ఉంది, పిడి ఉంది, తలుపే కదా అన్నాడు. పూర్తయిన పనిని మళ్లీ తెరవడానికి వీల్లేదట. కొత్తగా అర్జీ పెట్టుకుంటే నంబరిస్తారు, ఆ తర్వాత ముప్పై పనిదినాలు ఆగాలి. ఆంటీ ఫ్రిజ్ ఫోటోకి తన ఫోన్లో ఒక ఫోటో తీసుకుని వచ్చేసింది.

గురువారం ఆ ఆఫీసు కొత్త భవనానికి ప్రారంభోత్సవం. రాజధాని కాన్‌బెర్రా నుంచి మంత్రి వస్తున్నాడు. ఏ సభయినా ఆ నేల తాలూకు ఆదివాసీ పెద్దవాళ్లు స్వాగతం చెప్పాకే మొదలవ్వాలి. ఆ నేల ఆంటీ వాళ్లది కాబట్టి ఆంటీనే పిలిచారు. నీలం టోపీ పెట్టుకుని వెళ్లింది.

మంత్రి గేటు దాటబోతుంటే ఆంటీ చెయ్యెత్తి ఆపింది. మైకులో మూడు నిమిషాలు చెప్పేది ఈకాలం పద్ధతి అని, పూర్వం పద్ధతి వేరని అందరికీ వివరించింది. పరాయి ఊరివాళ్లు దూరంగా ఆగి నేలమీద కూర్చోవాలి. ఊళ్లోవాళ్లు వచ్చి పిలిచేదాకా కదలకూడదు. తన తాత అలా అత్తారింటి ముందు రెండు రోజులు కూర్చున్నాడట. మంత్రికి ఇది భలే నచ్చింది. సూటుతోనే ఎర్రమట్టిలో చతికిలబడ్డాడు. ఆయన వెంట వచ్చిన నలభై మందీ కూర్చున్నారు. ఆంటీ లోపల నీడలో కుర్చీ వేసుకుని టీ పోసుకుంది.

ఇరవై నిమిషాలైంది. ఈగలు ముసిరాయి. గావిన్ కంచె పక్కనుంచి వంగి వంగి వచ్చాడు.

"డెల్మా గారూ, ఇంకా ఎంతసేపండీ?"

"మీ పని లైన్లో ఉంది నాయనా. నంబరు నలభై ఒకటి, రాసుకో. ముప్పై రోజుల్లో ఎవరూ రాకపోతే ఫోన్ చెయ్యి."

మరో అరగంటకి మంత్రే లేచి కంచె దగ్గరికి వచ్చాడు. ఏదైనా పొరపాటు జరిగిందా అని మెల్లగా అడిగాడు. ఆంటీ ఫోన్ తీసి చాలాసేపు వెతికింది.

"మీకు స్వాగతం పోయిన మార్చిలోనే చెప్పేశామని ఉంది మంత్రిగారూ. ఫోటో కూడా ఉంది, చూడండి."

ఆయన చూశాడు. "ఇది ఫ్రిజ్ కదమ్మా?"

"మా ఇంట్లో ఫ్రిజ్. మీ లెక్కల్లో మరుగుదొడ్డి తలుపు."

దేశం ఎంత ముందుకు పోయిందో చెప్పే పుస్తకం ఒకటి మంత్రి చంకలో ఉంది. మా ఊళ్లో మరమ్మతులు నూటికి తొంభై ఆరు పూర్తయ్యాయని అందులో రంగుల బొమ్మ వేసి ఉంది. ఆ తొంభై ఆరులో ఈ ఫ్రిజ్ కూడా ఉందా అని ఆయన గావిన్‌ని అడిగాడు. గావిన్ ఆకాశం వైపు చూశాడు.

కొత్త భవనంలో పని అంతా జనానికి కనబడాలని గదులన్నిటికీ అద్దాల తలుపులే పెట్టారు. చెక్క తలుపులు ఉన్నది మరుగుదొడ్లకి మాత్రమే. వాటిలో ఒకటి విప్పమన్నాడు మంత్రి. ఆయన డ్రైవర్ దగ్గర స్క్రూడ్రైవర్ దొరికింది. పావుగంటలో ఆ తలుపు క్లారీ బండి ఎక్కింది. అప్పుడు ఆంటీ గేటు దాకా వచ్చి, మంత్రిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మూడు నిమిషాల స్వాగతం చక్కగా చెప్పింది. విందుకని పొయ్యిమీద పెట్టిన మాంసం సాసేజీలు ఈలోగా బొగ్గులైపోయాయి. బాగున్నాయంటూనే అందరూ తిన్నారు.

శుక్రవారం ఇస్మే చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, తిన్నగా ఆ తలుపు ముందు ఆగింది. దానిమీద 'పురుషులు' అని ఇత్తడి పలక ఉంది.

"ఒసేయ్ డెల్మా, నన్ను మగాళ్ల దాంట్లోకి పొమ్మంటావా?"

పలక ఎంత పీకినా ఊడలేదు. చివరికి క్లారీ తలుపు విప్పి, పలక లోపలివైపుకి వచ్చేలా తిప్పి బిగించాడు. ఇస్మే లోపలికెళ్లి గడియ వేసుకుంది. మేం వంటింట్లో నిలబడ్డాం.

"డెల్మా."

"ఏంటక్కా?"

"ఇక్కణ్ణుంచి చూస్తే మగాళ్ల దాంట్లో ఉన్నది మీరే."

"ఉంటే ఉన్నాంలే. ఇంతకీ నువ్వుంటావా, డబ్బో పోతావా?"

ఆంటీ టీ గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లింది.

"నా పెట్టె ఇంకా బండిలోనే ఉంది," అంది ఇస్మే లోపల్నుంచి. "దాన్ని కిటికీ ఉన్న గదిలో పెట్టించు."